కాటన్ దొర పూర్వీకుల్ని 1500ల దాకా పట్టుకోవడం ఎలాగండి? (బోర్డు రాయించాలి, కాస్త తొందర)

లంక_టీచరమ్మ (ఆత్రేయపురం దగ్గర):

అందరికీ నమస్కారమండి. మే 15న కాటన్ దొర జయంతికి మా ఊరి గ్రంథాలయం గోడకి ఆయన వంశవృక్షం బోర్డు పెట్టిద్దామని కుర్రాళ్ళు పట్టుబట్టారు. చందాలు వచ్చేశాయి, పెయింటర్ని మాట్లాడేశారు. రాయాల్సిన మేటరు సరిచూసే బాధ్యత నా మీద పెట్టారు.

వాళ్ళ దగ్గర వాట్సాప్‌లో వచ్చిన చార్టు ఒకటి ఉంది. దాని ప్రకారం మన దొర సర్ రాబర్ట్ కాటన్ అనే పెద్ద గ్రంథ సేకర్త సంతతి. ఆ రాబర్ట్ కాటన్ పూర్వీకుడేమో స్కాట్లండు రాజు రాబర్ట్ బ్రూస్. గ్రంథాలయం గోడకి గ్రంథాలు కూడబెట్టిన వంశమంటే బాగా కుదిరిందని పిల్లలకి ఒకటే సంబరం. నాకు మాత్రం మనసొప్పట్లేదు. ఏ తరానికీ ఏళ్ళు లేవు, ఎవరు ఎవరి కొడుకో సరిగ్గా లేదు. పైనుంచి కిందికి గీతలు లాగి చివర ఆర్థర్ కాటన్ అని పెట్టేశారు.

నేను వెతికితే 1841 జనాభా లెక్కల దాకా దొరుకుతున్నాయి. అంతకు ముందు, ముఖ్యంగా 1500, 1600ల నాటి ఇంగ్లండు కుటుంబాన్ని ఇక్కడ ఫోను చేతిలో పెట్టుకుని పట్టుకునే దారి ఏదైనా ఉందా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. తప్పు రాసి గోడకెక్కిస్తే ఆ ఊరి పిల్లలు పదేళ్ళు అదే చదువుతారు.

కాలవగట్టు_రైతు (బొబ్బర్లంక):

టీచరు గారూ, మంచి పని. నా మట్టుకు నాకు దొర ఎవరి మనవడన్నది పెద్ద లెక్క కాదండి. 1852లో ఆనకట్ట పూర్తయింది కాబట్టే మా తాతల నాటి నుంచీ ఈ చేలో నీళ్ళు పారుతున్నాయి. మా పురోహితుడు గారు గోదావరి స్నానం చేయించేటప్పుడు సంకల్పంలో ఆయన్ని భగీరథుడిగా తలుచుకుంటారు. ఆ మాట కూడా బోర్డు మీద ఓ మూల రాయించండి. వంశం సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు, నేనూ చదువుతాను.

పాత_దస్తావేజు (రామచంద్రపురం):

అమ్మా, నేను దస్తావేజు లేఖరిగా పనిచేసి మానేసినవాణ్ణి. గొలుసుకట్టు రాతలో ఉన్న పాత తెలుగు కాగితాలు చదవడం వృత్తిగా వచ్చింది. ఇంగ్లండు పాత కాగితాల మీద మక్కువ దొర పుణ్యమా అని పట్టుకుంది. ఆయన వంశమే నేను మొదట పట్టుకున్నది కాబట్టి మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. కాస్త పొడుగ్గా రాస్తాను, తీరిగ్గా చదువుకోండి.

ముందు మొదటి ప్రశ్న. ఆ చార్టు తప్పు. దయచేసి బోర్డెక్కనివ్వకండి.

సర్ రాబర్ట్ కాటన్లు ఇద్దరున్నారు. గ్రంథాలు కూడబెట్టినాయన సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్, 1571లో పుట్టి 1631లో పోయారు. హంటింగ్‌డన్‌షైర్‌లోని కానింగ్టన్ వాళ్ళది. బ్రూస్ రాజు సంతతి అని చెప్పుకున్నది ఆయనే, నడుమ ఆ పేరు పెట్టుకున్నదీ అందుకే. మాగ్నా కార్టా 1215 నాటి ప్రతులు నాలుగు మిగిలితే రెండు ఆయన సేకరణలోవే. 1731లో అగ్నిప్రమాదం జరిగి కొన్ని గ్రంథాలు కాలిపోయాయి, మిగిలినవి తర్వాత బ్రిటిష్ మ్యూజియం పెట్టినప్పుడు దానికి పునాదిగా చేరాయి. గొప్ప మనిషే, కాదనను. కానీ ఆ ఇంటి బారోనెట్ బిరుదు (వంశపారంపర్యంగా వచ్చే ‘సర్’ బిరుదు) 1752లోనే వారసులు లేక ఆగిపోయింది.

మన దొరది చెషైర్‌లోని కంబర్‌మియర్ కాటన్ల ఇల్లు. అక్కడా ఒక సర్ రాబర్ట్ కాటన్ ఉన్నారు. చెషైర్ తరఫున పార్లమెంటు సభ్యుడు, 1677లో బారోనెట్ అయ్యారు, 1712లో పోయారు. పేరు ఒకటే, బిరుదు ఒకటే. చార్టు గీసినవాళ్ళెవరో ఈయన బదులు ఆయన్ని పెట్టేశారు. రెండు ఇళ్ళూ వేరని తేల్చడానికి కులచిహ్నాలు చూడండి. కానింగ్టన్ వాళ్ళ డాలు మీద రెక్కలు విప్పిన గద్ద ఉంటుంది. కంబర్‌మియర్ వాళ్ళ డాలు మీద నీలం నేల, దాని మీద తెల్లటి దూలపు గుర్తు (ఇంటికప్పు వాసాల్లా తలకిందులుగా ఉన్న ‘వి’), చుట్టూ మూడు నూలు చిలపలు. ఇంటిపేరుకి తగ్గట్టు పత్తి నూలే పెట్టుకున్నారు. మీ పెయింటరు చెయ్యి మంచిదైతే ఆ చిలపల డాలు గీయించండి, పిల్లలు చూసి మురిసిపోతారు.

ఇక వెతికే పద్ధతి. రిజిస్ట్రేషన్‌లో మేం లింకు డాక్యుమెంట్లు ఎలా చూస్తామో అచ్చం అలాగే చూడాలమ్మా. ఇవాళ అమ్ముతున్నవాడి పేరు దగ్గర మొదలుపెట్టి, అతనికి ఎవరు రాసిచ్చారు, వాళ్ళకి ఎవరు రాసిచ్చారు అని వెనక్కి పోవాలి. జమీందారు పట్టా పట్టుకుని కిందికి దిగితే ఎవరి పొలమైనా ఎవరికైనా అంటగట్టొచ్చు. మీ చార్టు చేసిన పని అదే. కింది నుంచి పైకి ఒక్కో తరానికి ఒక్కో కాగితం. కాగితం లేని చోట గీత లాగకూడదు.

ఆ లెక్కన వెళ్దాం. ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఆక్స్‌ఫర్డులో పుట్టారు. కూతురు లేడీ హోప్ 1900లో వేయించిన జీవితచరిత్ర ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, మొదటి లింకు అక్కడ పట్టుకోండి. తండ్రి హెన్రీ కాల్వ్‌లీ కాటన్, ఆయనకి మన దొర పదో కొడుకు. హెన్రీ తండ్రి నాలుగో బారోనెట్ సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్, 1775లో పోయారు. ఆయన తండ్రి రెండో బారోనెట్ సర్ థామస్, 1715లో పోయారు. ఆ థామస్ తండ్రి, నేను పైన చెప్పిన మొదటి బారోనెట్ సర్ రాబర్ట్.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ నడిమి పేర్లు చూడండి. కాల్వ్‌లీ, లించ్, సాల్స్‌బరీ. ఇవి ఊరికే పెట్టిన పేర్లు కావు, ఆ ఇంటికి కోడళ్ళుగా వచ్చిన ఆడపిల్లల పుట్టింటి పేర్లు. సర్ రాబర్ట్ తల్లి ఎలిజబెత్ కాల్వ్‌లీల ఆడపడుచు. సర్ రాబర్ట్ భార్య హెస్టర్ వేల్సులోని లెవెనీ అనే ఎస్టేటుకి చెందిన సాల్స్‌బరీల పిల్ల, పుట్టింటి ఆస్తి ఆవిడ ద్వారా కాటన్లకి వచ్చింది. సర్ థామస్ భార్య ఫిలడెల్ఫియా, జమైకా గవర్నరుగా చేసిన సర్ థామస్ లించ్ కూతురు. ఆస్తితో పాటు పేరు కూడా దిగింది. దొర అన్నగారు ఒకాయన, ఆక్స్‌ఫర్డులో వూస్టర్ కాలేజీ పెద్దగా చేసినాయన, రిచర్డ్ లించ్ కాటన్. ముత్తవ్వ పుట్టింటి పేరు అక్కడిదాకా నడిచింది చూశారా! మన దగ్గర కోడలి పుట్టింటి పేరు పెళ్ళినాడే మరుగున పడుతుంది. వాళ్ళ దగ్గర మూడు తరాల తర్వాత మనవడి పేరులో బయటపడుతుంది. అందుకని నడిమి పేరు కనిపిస్తే వదలకండి, ఆ ఇంటిపేరుతో పెళ్ళి వెతకండి. చాలాసార్లు దొరుకుతుంది.

ఒక చిక్కు మాత్రం గుర్తు పెట్టుకోండి. సర్ లించ్ భార్య ఎలిజబెత్ అబిగేల్ కూడా కాటనే. డెర్బీషైర్‌లోని ఎట్‌వాల్‌కి చెందిన రోలండ్ కాటన్ కూతురు. అంటే మన దొర నాయనమ్మ పుట్టింటివాళ్ళూ కాటన్లు, మెట్టినవాళ్ళూ కాటన్లు. ఇది తెలియక ఆవిడ తండ్రిని మామగారి చోట కూర్చోబెట్టిన చార్టులు ఉన్నాయి.

మొదటి బారోనెట్ పైన థామస్, ఆయన పైన జార్జి, ఆయన పైన 1602లో పోయిన రిచర్డ్ కాటన్. ఆ రిచర్డ్ తండ్రి సర్ జార్జి కాటన్, ఎనిమిదో హెన్రీ రాజు కొలువులో ఉన్నవాడు, 1545లో పోయారు. కంబర్‌మియర్ అంతకుముందు సిస్టర్సియన్ క్రైస్తవ సన్యాసుల మఠం, 1133లో పెట్టింది. రాజు మఠాలన్నీ రద్దు చేసినప్పుడు 1538లో అదీ పోయింది, మరుసటి ఏడు దాన్ని భూములతో సహా సర్ జార్జికి రాసిచ్చారు. ఈ ఇంటికి మూలపట్టా అదే. బోర్డు అక్కడ ఆపేయండి. అంతకు పైన దొరికేవి ఎక్కువగా వంశస్థులు చెప్పింది రాసుకున్న వంశావళులు.

ఆ వంశావళుల సంగతీ చెప్పాలి. 1530 నుంచి 1688 దాకా రాజుగారి హెరాల్డులు జిల్లాల్లో తిరిగి, ఎవరికి కులచిహ్నం వాడే హక్కుందో తనిఖీ చేశారు. చెషైర్‌కి 1580లో, 1613లో, 1663లో వచ్చారు. అప్పుడు రాసుకున్న వంశావళులు తర్వాత అచ్చయ్యాయి, ఆన్‌లైన్‌లో ఉన్నాయి. చెప్పేవాడికి కళ్ళారా తెలిసిన తాత, తండ్రి, పిల్లలు, వీళ్ళ వరకూ బాగా నమ్మొచ్చు. ఏడు తరాల పైన ఫలానా వీరుడు అని ఉంటే పక్కన పెట్టేయండి.

కాగితాల్లో ముఖ్యమైనవి రెండు, చర్చి రిజిస్టర్లూ వీలునామాలూ. ప్రతి చర్చిలో బాప్టిజం, పెళ్ళి, ఖననం రాయాలని 1538లో థామస్ క్రాంవెల్ ఉత్తరువిచ్చాడు. మఠాల రద్దు నడిపించినవాడూ ఆయనే. మొదట్లో విడి కాగితాల మీద రాశారు, చాలా పాడైపోయాయి. 1598లో తోలుపత్రం పుస్తకాల్లోకి ఎత్తి రాయమన్నారు, కనీసం ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచైనా ఎక్కించమన్నారు. అప్పటినుంచే ఏటేటా బిషప్పుకి ఒక నకలు పంపే పద్ధతి కూడా వచ్చింది. చర్చి పుస్తకం చిరిగిపోతే ఆ నకలు వెతకాలి. 1640ల అంతర్యుద్ధం నుంచి 1660 దాకా చాలా ఊళ్ళలో ఖాళీలుంటాయి, దాన్ని చూసి మీరు కంగారు పడొద్దు. ఆ ఖాళీ దాటడానికి వీలునామా ఒక్కటే గట్టి ఆధారం. తండ్రి రాసిన వీలునామాలో కొడుకులు, కూతుళ్ళు, అల్లుళ్ళు వరసగా పేర్లతో కనిపిస్తారు. పెద్దింటివాళ్ళవి కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు కోర్టులో నమోదయ్యేవి. 1384 నుంచి 1858 దాకా ఆ పుస్తకాలు లండన్‌లో క్యూ అనే పేటలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇంట్లో కూర్చునే వెతుక్కుని చూడొచ్చు.

తేదీల దగ్గర జాగ్రత్త. 1752కి ముందు ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మారేది, ఇంచుమించు మన ఉగాది రోజుల్లో. రిజిస్టరులో 1641 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కకి అది 1642. బిడ్డ పుట్టింది 1641 ఏప్రిల్, ఖననం 1641 ఫిబ్రవరి అని కనిపిస్తే తప్పు రాశారనుకోకండి, ఆ పసివాడు పది నెలలు బతికాడన్నమాట. అలా పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకి పెట్టేవారు. కాబట్టి బాప్టిజం దొరికిందని సంతోషపడే ముందు, అదే పేరుతో ఖననం ఉందేమో చూడాలి. ఇది చూడకుండా చచ్చిపోయిన పసిబిడ్డకి పెళ్ళి చేసి మనవల్ని పుట్టించిన వంశవృక్షాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి.

చేతిరాత భయపెడుతుంది, నిజమే. 1500, 1600ల నాటి సెక్రెటరీ రాతలో ‘సి’ అక్షరం ‘ఆర్’ లాగా ఉంటుంది, ‘ఇ’ వెనక్కి తిరిగి ఉంటుంది, ‘హెచ్’ తోక గీత కిందికి వేలాడుతుంది, ‘ఎమ్’, ‘ఎన్’, ‘యు’ అన్నీ ఒకేలాంటి నిలువు గీతలు. నేను గొలుసుకట్టు నేర్చుకున్న పద్ధతే దీనికీ పనికొచ్చింది. మన పాత దస్తావేజు మొదటి వాక్యం ఎలాగూ తెలిసిందే కదా, అక్కడి అక్షరాలు పట్టుకుని మిగతాది చదివేవాళ్ళం. ఇంగ్లీషు వీలునామా కూడా ‘ఇన్ ద నేమ్ ఆఫ్ గాడ్ ఆమెన్’ అని మొదలవుతుంది. ఆ ఒక్క వరసలోనే పది పన్నెండు అక్షరాల రూపం తెలిసిపోతుంది. వాటిని ఒక చీటీ మీద గీసి పక్కన పెట్టుకోండి. పేర్లున్న చోటికి ముందు వెళ్ళండి, మిగతా పదాలు తర్వాత. నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్లో ఈ రాత నేర్పే పాఠాలు ఉచితంగా ఉన్నాయి.

పార్లమెంటు సభ్యులుగా చేసినవాళ్ళకయితే ‘హిస్టరీ ఆఫ్ పార్లమెంట్’ వెబ్‌సైట్ చూడండి. ఎవరి కొడుకు, ఎవరిని చేసుకున్నాడు, ఎప్పుడు పోయాడు అన్నది మొదటి రెండు వరసల్లోనే ఉంటుంది. మొదటి బారోనెట్ సర్ రాబర్ట్ అందులో ఉన్నారు.

క్రూ_లో_తెలుగమ్మాయి:

బాబాయి గారు రాసింది చదివి ఆగలేకపోయాను. నేను చెషైర్‌లో నర్సుగా చేస్తున్నాను, మా అమ్మమ్మగారిది కొత్తపేట. కంబర్‌మియర్ ఇక్కడికి దగ్గరే, చెషైర్, ష్రాప్‌షైర్ సరిహద్దులో విట్‌చర్చ్ దాటకముందే వస్తుంది. ఇల్లు ఇప్పుడు వేరేవాళ్ళది, కాటన్లు 1919లో అమ్మేశారు. లోపలికి వెళ్ళాలంటే టూరు రోజులు చూసుకుని ముందే బుక్ చేసుకోవాలి. పక్కనే పెద్ద సరస్సు. రిచర్డ్ కాటన్ తన ముగ్గురు కొడుకులతో కలిసి 1563లో ఈ ఇల్లు కట్టాడని ఆ రోజుల్లోనే పద్యంలా శాసనం చెక్కించుకున్నారు. టీచరు గారూ, ఆ తరానికి అదొక ఆధారం మీకు.

కాటన్ల స్మారక ఫలకాలు చూడాలంటే రెన్‌బరీ ఊళ్ళో సెయింట్ మార్గరెట్ చర్చికి వెళ్ళాలి. గోడల మీద ఉన్నాయి, పేర్లు, పెళ్ళిళ్ళు, తేదీలతో. ఆ ఊళ్ళోంచి కాలవ వెళ్తుంది. పడవ వస్తే వంతెన పైకి లేస్తుంది, పడవ పోయాక దించుతారు. మన లాకుల దగ్గర పెరిగినదాన్ని, ఎంతసేపు నిలబడిపోయానో. ఫలకాలు ఫొటోలు తీసి పంపమంటే పంపుతాను, ఈసారి సెలవు రోజున వెళ్తాను.

లంక_టీచరమ్మ:

బాబాయి గారూ, మీ ఋణం తీర్చుకోలేనండి. చెల్లాయ్, ఫొటోలు తప్పకుండా పంపమ్మా, ముఖ్యంగా పెళ్ళిళ్ళు రాసినవి.

ఇంకో సందేహం. జమైకా గవర్నరు అన్నారు కదా. అంటే చెరకు తోటలూ బానిసలూ ఉన్న కాలం. కమిటీలో ఒకాయన, ఆ పేరు బోర్డు మీద వద్దు, దొరకి మచ్చ అంటున్నారు. ఏం చెయ్యమంటారు? ఇంకోటి, ఇంత పెద్ద ఎస్టేటు ఉన్న ఇంట్లోవాడు ఇంత దూరం ఎందుకొచ్చాడని పిల్లలు అడుగుతున్నారు.

పాత_దస్తావేజు (రామచంద్రపురం):

రాయించండమ్మా. లించ్ అనే పేరు దొర తాతగారి పేరులోనే ఉంది, దాన్ని తీసేస్తే లింకు తెగిపోతుంది. ఫిలడెల్ఫియా పేరు పక్కన ‘జమైకా గవర్నరు కూతురు’ అని రాయండి, ఆ దీవిలో తోటలు బానిసల చేత నడిచాయని పిల్లలకి మీరు నోటితో చెప్పండి. ఆ ఇంటి సంపదలో అదీ ఉంది. ఆర్థర్ దొర పుట్టడానికి చాలా ముందే జరిగిన పెళ్ళి అది. ఆయన ఇక్కడ చేసినదానికి ఆయనే సాక్ష్యం. కమిటీ ఆయనకి నా మాటగా చెప్పండి, కావాలంటే ఫోనులో నేనే మాట్లాడతాను.

రెండో దానికి జవాబు వంశవృక్షంలోనే ఉంది. అక్కడ ఎస్టేటు, బిరుదు పెద్దకొడుక్కి. మన దగ్గరలాగా అన్నదమ్ములకి వాటాలుండవు. సర్ లించ్ పెద్దకొడుకు రాబర్ట్ ఐదో బారోనెట్ అయ్యి కంబర్‌మియర్ తీసుకున్నారు. మన దొర తండ్రి హెన్రీ చిన్నకొడుకుల్లో ఒకడు. మన దొరేమో ఆ చిన్నకొడుక్కి పదో కొడుకు. ఆయన వాటాకి సెంటు భూమి కూడా రాలేదు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వాళ్ళ అడిస్‌కంబ్ సైనిక పాఠశాలలో చేరి, అక్కడినుంచి మద్రాసు ఇంజనీర్లలోకి వచ్చారు. పెదనాన్న కొడుకు స్టేపుల్టన్ కాటన్ కూడా ఇండియా వచ్చినవాడే, 1826లో భరత్‌పూర్ కోట పట్టిన సేనాపతి. ఆయన్ని కూడా బోర్డు మీద పక్క కొమ్మలో పెట్టండి, అన్నదమ్ముల బిడ్డలిద్దరి దారులూ పిల్లలకి కనిపిస్తాయి.

గోదావరిగాలి (నరసాపురం):

బాబాయి గారూ, మధ్యలో దూరుతున్నాను. దొరకంటే ముందు, 1600ల్లోనే మా నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషు వాళ్ళ ఫ్యాక్టరీ (వర్తక స్థావరం) ఉండేది కదా, మడపొల్లం అని బట్టకి ఆ ఊరి పేరే పడింది. అక్కడ పనిచేసిన వర్తకుల వంశాలు కూడా ఇలాగే వెతకొచ్చా?

పాత_దస్తావేజు (రామచంద్రపురం):

వెతకొచ్చు బాబూ, కాకపోతే రెండు చివర్ల నుంచీ పట్టుకోవాలి. ఇక్కడి చివర మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చి రిజిస్టరు. ఆ చర్చి 1680లో తెరిచారు, రిజిస్టరులో మొదటి పెళ్ళి తర్వాత మద్రాసు గవర్నరైన ఎలిహు యేల్‌దే. తర్వాత కాలానికి మద్రాసు రాజధాని బాప్టిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. 1679లో మద్రాసులో కంపెనీ పెద్దగా ఉన్న స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ ఈ ఫ్యాక్టరీలన్నీ తనిఖీ చేస్తూ మీ మాధవాయిపాలెం కూడా వచ్చాడు, ఆయన డైరీలు అచ్చయ్యాయి, అందులో అక్కడి ఉద్యోగుల పేర్లు దొరుకుతాయి. పేరు దొరికాక అవతలి చివరకి వెళ్ళి, కాంటర్‌బరీ వీలునామాల్లో అదే పేరు చూడు. ఇక్కడ చనిపోయిన వర్తకుల వీలునామాలు చాలామటుకు అక్కడే నమోదయ్యాయి, ఇంగ్లండులో ఉన్న తల్లికీ అన్నదమ్ములకీ రాసిన వాటాలతో సహా. దీనికి విడిగా ఇంకో ప్రశ్న పెట్టు, అక్కడ రాస్తాను. టీచరమ్మ బోర్డు ముందు అవ్వాలి.

అమ్మా, కింద నుంచి పైకి ఒక్కో పేరు, ఏడు, దాని పక్కన ఆధారం ఏమిటో చిన్న అక్షరాల్లో, ఇలా ఒక కాగితం మీద రాసి ఫొటో పెట్టండి. అడుగున ఆర్థర్, పైన సర్ జార్జి 1545. పెయింటరు బ్రష్షు పట్టేముందు నేనొకసారి చూస్తాను.